యెహోవా సన్నిధిని పరచిన కాగితము

ధ్యాన భాగములు: 2 రాజులు 19:14–19, 20:1–7, లేవీయకాండము 13:1–6, యోహాను 9:1–7



యూదా రాజైన హిజ్కియాకు ఒక దినమున ఒక ఉత్తరము వచ్చెను. అష్షూరు రాజు దూతలు దానిని తెచ్చిరి. అందులో నున్న మాటలు గుండె చెదరగొట్టు మాటలు. అయితే ఆ రాజు దానిని చదువక చింపివేయలేదు. చదివి ఎవరికిని తెలియకుండ పెట్టెలో దాచలేదు. చదివి మంచము పట్టలేదు. ఉత్తరమును చేతపట్టుకొని మందిరమునకు పోయి, దేవుని యెదుట దానిని విప్పి పరచి, ప్రార్థించెను. అంతకు ముందే యెషయా ప్రవక్త యొద్దకు పెద్దలను పంపి ఆలోచన అడిగెను. చదువుట, పరచుట, అడుగుట, ఈ మూడును అతడు చేసెను. ఒకటి చేసి రెండు విడిచిపెట్టలేదు.

మన యిండ్లకును నేడు కొన్ని కాగితములు వచ్చుచున్నవి. బిడ్డకు నెల తిరుగకుండ జ్వరము వచ్చును. ఒక సంవత్సరములోనే రెండు మారులు ఊపిరితిత్తులకు నెమ్ము చేయును. చెవిలో చీము తగ్గినట్లే తగ్గి మరల కారును. ఊరిలోని ఆర్.ఎం.పి. డాక్టరు సూదిమందులిచ్చి ఇచ్చి, ఇక గుంటూరు తీసికొని పొండని చెప్పును. అక్కడి పిల్లల వైద్యుడు బిడ్డను చూచి, "రోగనిరోధక శక్తి పరీక్షలు చేయించుడి" అనును. చిన్న చేతినుండి రెండు మూడు సీసాల రక్తము తీయుదురు. కొన్ని పరీక్షలకు ఆ సీసాలు దూర పట్టణములకు పోవును. కొన్ని దినములకు రిపోర్టు వచ్చును. కొందరికి కాగితముగా, కొందరికి సెల్‌ఫోనులోనికి వచ్చును. అంతయు ఇంగ్లీషు అక్షరములు, అంకెలు. కొన్ని అంకెల ప్రక్కన నక్షత్రపు గుర్తు, కొన్ని నల్లగా ముద్దగా అచ్చుపడినవి. గుంటూరునుండి పొన్నూరు సుమారు 30 కిలోమీటర్లు. బస్సు చేబ్రోలు దాటక మునుపే ఆ తల్లి హృదయములో నూరు తీర్పులు వ్రాయబడును.

ఇట్టి తలిదండ్రుల నిమిత్తమే ఈ నెల ధ్యానము. హిజ్కియా ఉత్తరమునకును ఈ కాగితమునకును ఒక గొప్ప భేదము కలదు. ఆ ఉత్తరము చంపదలచిన శత్రువు వ్రాసినది. ఈ కాగితము బిడ్డను బ్రదికించుటకు వెదకుచున్నవారు వ్రాసినది. కనుక దీనిని శత్రువు ఉత్తరమువలె చూచి భయపడనక్కరలేదు. అయినను రాజు చేసిన ఆ మూడు పనులు మనమును చేయవలసియున్నది.

1. చదువుట

మన ప్రాంతపు రైతులకు భూసార పరీక్ష తెలియును. చేనిలోని మట్టిని తీసి పరీక్షకు పంపుదురు. నత్రజని ఇంత, భాస్వరము ఇంత, పొటాషు ఇంత అని కాగితము వచ్చును. "భాస్వరము తక్కువ" అని చదివిన రైతు, తన చేను శాపగ్రస్తమైనదని యేడ్చి దానిని అమ్ముకొనునా? లేదు. ఏది తక్కువైనదో దానిని వేయును. మరియు వరికి చెప్పిన కొలతను మిరపకు చెప్పడు. పైరునుబట్టి, పైరు వయస్సునుబట్టి కొలత మారునని అతనికి తెలియును. బిడ్డ రక్తపరీక్షను చదువుటకు ఈ రైతు బుద్ధియే చాలవరకు సరిపోవును.

దేవుడు మన శరీరమునకు కావలివారిని నియమించెను. ఎముకల లోపలి మజ్జలో తెల్ల కణములు పుట్టును. వాటిలో న్యూట్రోఫిల్సు అనునవి చీము పుట్టించు క్రిములను మ్రింగును. లింఫోసైట్సు అనునవి శత్రువును గుర్తుపట్టి జ్ఞాపకముంచుకొనును. లింఫోసైట్సులో ఒక తెగవారు రక్తములోనికి విడుచు ఆయుధములే ఇమ్యునోగ్లోబ్యులిన్లు. రిపోర్టులో ఐ.జి.జి., ఐ.జి.ఎ., ఐ.జి.ఎం., ఐ.జి.ఇ. అని వ్రాయబడునవి ఇవే. సి.డి.3, సి.డి.4, సి.డి.8, సి.డి.19 అనునవి లింఫోసైట్సులోని వేర్వేరు దళముల గుర్తులు. ఈ పరీక్ష యుద్ధములో ఎవరు గెలిచిరో చెప్పదు. కోటలో ఏ దళమువారు ఎందరున్నారో లెక్క చెప్పును.

ఇప్పుడు నాలుగు సంగతులు జ్ఞాపకముంచుకొనుడి.

మొదటిది, వయస్సు. తల్లి తన గర్భములోనుండగానే బిడ్డకు తన ఐ.జి.జి.ని పంచియిచ్చును. అది పుట్టిన తరువాత కొన్ని నెలలు బిడ్డను కాపాడి క్రమముగా తరిగిపోవును. బిడ్డ స్వంత ఆయుధములు మెల్లగా తయారగును. కాబట్టి మూడవ నెల మొదలు ఆరవ నెల వరకు ఈ అంకె తక్కువగా నుండుట సహజము. పెద్దవారికి 100 మిల్లీలీటర్లలో 700 మొదలు 1,600 మిల్లీగ్రాముల వరకు ఉండు ఐ.జి.జి., అయిదు నెలల పసిబిడ్డకు 300 లేక 400 ఉండినచో ఆశ్చర్యపడనక్కరలేదు. కొందరు బిడ్డలకు ఈ తయారీ ఆలస్యమగును గాని, కొన్ని సంవత్సరములకు తనంతట తానే సరియగును. లింఫోసైట్సు సంగతి దీనికి తలక్రిందులు. పసిబిడ్డకు అవి పెద్దవారికంటె చాల ఎక్కువగా ఉండవలెను. పెద్దవారికి 2,000 ఉండిన చాలును. అదే కొన్ని నెలల బిడ్డకు సుమారు 3,000కు తగ్గినచో వైద్యుడు శ్రద్ధగా చూడవలసిన గుర్తు. పెద్దవారి కొలతలు అచ్చువేసిన కాగితములో ఆ అంకెకు నక్షత్రము పడకపోవచ్చును. నక్షత్రమున్న చోటెల్ల రోగము లేదు, నక్షత్రము లేని చోటెల్ల క్షేమము లేదు. అందుచేత, "అయ్యా, ఈ కొలతలు మా బిడ్డ వయస్సుకు చెప్పినవేనా?" అని అడుగుడి. ఇది వైద్యుని అవమానించు ప్రశ్న కాదు. తలిదండ్రులు అడుగదగిన మొదటి ప్రశ్న ఇదే.

రెండవది, గీత. రిపోర్టులో "ఇంతనుండి ఇంతవరకు" అని యుండు హద్దు ఎట్లు పుట్టినది? ఆరోగ్యముగా నున్నవారిని అనేకులను పరీక్షించి, వారిలో నూటికి 95 మంది ఏ అంకెల మధ్య నుందురో ఆ అంకెలను హద్దుగా పెట్టుదురు. అనగా పూర్ణారోగ్యముగలవారిలోనే నూటికి అయిదుగురు ఆ గీతకు వెలుపల నుందురు. 20 అంకెలున్న కాగితములో ఒకటి కొంచెము గీత దాటుట అరుదు కాదు. కల్లములో మిరపకాయలు ఏరు స్త్రీలు ఒక తాలుకాయ కనబడినంతమాత్రమున రాశి యంతయు తాలని చెప్పరు. ఎన్ని తాలో, ఎక్కడెక్కడ ఉన్నవో చూతురు.

మూడవది, కాలము. ఇప్పుడే జ్వరమునుండి లేచిన బిడ్డ రక్తములో కణములు తగ్గియో పెరిగియో ఉండవచ్చును. కడుపులో నులిపురుగులున్న బిడ్డకును, దుమ్ము పడక దద్దురులు, ఆయాసము వచ్చు బిడ్డకును ఐ.జి.ఇ. పెరుగును. కొన్ని మందులును అంకెలను మార్చును. అందుచేత వైద్యులు కొన్ని వారములు తాళి మరల పరీక్ష చేయింతురు. "మొదటి పరీక్ష తప్పా? డబ్బు కొరకా?" అని సణుగుకొనకుడి. లేవీయకాండము 13వ అధ్యాయము చదువుడి. దేహముమీద మచ్చ గలవానిని యాజకుని యొద్దకు తెచ్చినప్పుడు, సంగతి స్పష్టముగా లేనియెడల యాజకుడు వెంటనే తీర్పు చెప్పరాదని దేవుడు ఆజ్ఞాపించెను. ఏడు దినములు ఆగి మరల చూడవలెను. అప్పటికిని తేలనియెడల ఇంకను ఏడు దినములు ఆగి మరల చూడవలెను. మనుష్యుని బ్రదుకును గూర్చిన మాట తొందరపడి పలుకరాదని దేవుడే నేర్పెను. ఇరుగుపొరుగువారమైన మనము ఏడు నిమిషములైనను ఆగకుండ తీర్పు చెప్పుదుమా?

నాలుగవది, బిడ్డ. అంకెలను మాత్రమే చూచి బిడ్డను చూడకపోవుట తప్పు. అంగన్‌వాడికో బడికో పోవు చిన్నబిడ్డకు సంవత్సరములో ఆరు, ఎనిమిది మారులు జలుబు చేయుట సామాన్యమే. జలుబు తగ్గి, ఆడుకొని, బరువు పెరుగుచున్న బిడ్డను గూర్చి దిగులు పెట్టుకొనకుడి. అయితే ఒక సంవత్సరములో రెండుసార్లు నెమ్ము చేసినను, నాలుగు లేక అంతకంటె ఎక్కువసార్లు చెవి చీము పట్టినను, రెండు నెలలు మందులు వాడినను గుణము కనబడకపోయినను, లోతైన గడ్డలు మరల మరల లేచినను, సంవత్సరము నిండిన తరువాతను నోటిలో తెల్లపూత వదలకపోయినను, బరువు పెరుగకపోయినను, ఆ కుటుంబములో పసిబిడ్డలు ఇట్టి జబ్బులతో చనిపోయినను, అప్పుడు ఆలస్యము చేయక పిల్లల వైద్యునికి చూపవలెను. అంకెలును ఈ గుర్తులును ఒకే మాట చెప్పినప్పుడు ఆ మాటను నమ్మవలెను. ఐ.జి.ఎ. ఒక్కటే తక్కువగా నుండి, ఏ జబ్బును లేక సుఖముగా పెరుగుచున్న బిడ్డలు అనేకులు కలరు. వారిని చూచుచుండుట చాలును.

ఇక నిజముగా లోపము తేలినప్పుడు ఏమి? 1952వ సంవత్సరములో అమెరికా దేశపు సైనిక వైద్యుడైన ఆగ్డెన్ బ్రూటన్ ఎనిమిదేండ్ల బాలుని వృత్తాంతమును ప్రకటించెను. ఆ బాలునికి కొన్ని సంవత్సరములుగా ప్రాణాపాయకరమైన జబ్బులు మరల మరల వచ్చుచుండెను. అప్పటికి క్రొత్తదైన ఒక పద్ధతిని బట్టి అతని రక్తరసమును పరీక్షింపగా, గామా గ్లోబ్యులిన్ ఉండవలసిన చోట ఏమియు కనబడలేదు. అది యెంత భయంకరమైన కాగితము! అయినను ఆ శూన్యమే మార్గము చూపెను. ఏది లేదో తెలిసెను గనుక దానినే సూదిద్వారా ఇచ్చుచు వచ్చిరి. ఆ జబ్బులు ఆగెను. కాగితము చూపిన లేమి బాలునికి మరణశాసనము కాలేదు, మందుచీటి ఆయెను. భాస్వరము లేని చేనికి భాస్వరము వేసినట్లే గదా!

నేడును ఐ.జి.జి. లేని బిడ్డలకు మూడు నాలుగు వారముల కొకసారి దానిని నరములోనికి ఎక్కించుచున్నారు. ఆ మందు ఏ యంత్రములోను పుట్టలేదు. వేలకొలది దాతల రక్తరసమును కలిపి దానిని తీయుదురు. ఇంకను తీవ్రమైన లోపము కొందరు పసిబిడ్డలకుండును. లింఫోసైట్సే సరిగా పుట్టవు. వారికి ఎముక మజ్జ మార్పిడి అవసరము. 1968వ సంవత్సరములో మినియాపొలిస్‌లో డాక్టరు రాబర్ట్ గుడ్ అట్టి పసిబాలునికి అతని అక్క మజ్జను ఇప్పించి బ్రదికించెను. ఇది ఎంత త్వరగా జరిగిన అంత మేలు. అందుచేతనే రిపోర్టును దాచి దినములు గడుపుట ప్రమాదకరము.

2. పరచుట

కాగితమును చదివిన తరువాత ఇంటిలో మరియొక చదువు మొదలగును. "ఈ బిడ్డ ఎవరి పాపము?" కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదనువా రొకరు. తండ్రి త్రాగుడు వలన అనువా రొకరు. తల్లి ప్రార్థన చాలలేదనువా రొకరు. పుట్టుగ్రుడ్డివానిని చూచినప్పుడు శిష్యులును ఇదే ప్రశ్న అడిగిరి. వీడు పాపము చేసెనా, వీని కన్నవారు చేసిరా అనిరి. ప్రభువు ఆ రెండును కాదనెను. దేవుని క్రియలు ఈ మనుష్యునియందు కనబడవలెనని చెప్పి, పగలుండగానే పని చేయవలెనని పలికి, వంగి మట్టి కలిపి ఆ కన్నులకు పూసెను. శిష్యులు వెనుకకు చూచి నేరస్థుని వెదకిరి. ప్రభువు ముందునకు చూచి చేయవలసిన పనిని వెదకెను. ప్రియులారా, మీ బిడ్డ కాగితము చదువునప్పుడు మీరు ఎవరి ప్రక్కన నిలువబడుచున్నారు?

ఈ లోపములలో అనేకము పుట్టుకతోనే వచ్చునవి. కొన్ని తల్లి ద్వారా కుమారులకు వచ్చును. తల్లి ఆరోగ్యముగానే యుండును. ఆమెకు తెలియనే తెలియదు. కొన్ని క్రొత్తగా ఆ బిడ్డలోనే మొదట పుట్టును. మరికొన్ని తలిదండ్రులిద్దరియొద్దనుండి వచ్చును. ఇద్దరిలోను మరుగుగా నుండిన లోపము ఒకచోట చేరినప్పుడు, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు అవకాశముతో బిడ్డలో బయటపడును. మేనమామ కూతురును, అక్క కూతురును చేసికొను ఆచారము మన తెలుగువారిలో తరతరములుగా కలదు. దగ్గరి రక్తములో ఒకే మరుగు లోపము రెండుప్రక్కల నుండుటకు అవకాశ మెక్కువ. ఇది చెప్పుట నిందించుటకు కాదు. రాబోవు సంబంధములలో జ్ఞానముగా నడచుకొనుటకును, మరల బిడ్డను కనదలచినవారు ముందుగా వంశపారంపర్య సంగతులు తెలిసిన వైద్యుని అడుగుటకును. తల్లి చేయని నేరమునకు తల్లిని శిక్షించు ఇంటిలో ఏ ప్రార్థన చేసినను అది ఎట్లు పైకి పోవును?

మన గుంటూరు, ప్రకాశము జిల్లాలలో మరియొక భయము కలదు. గడచిన దశాబ్దములలో హెచ్.ఐ.వి. వ్యాధి ఎక్కువగా కనబడిన జిల్లాలలో ఇవియు చేరినవి. అందుచేత చదువురానివారికి సైతము "సి.డి.4" అను మాట తెలియును. ఎవరి కాగితములోనైన ఆ మాట కనబడినచో గుసగుసలు మొదలగును. సి.డి.4 అనునది ప్రతి మనుష్యుని రక్తములోనుండు కణపు గుర్తు. జ్వరములు తరచుగా వచ్చు బిడ్డకు దానిని లెక్కించినంతమాత్రమున ఆ వ్యాధి ఉన్నదని అర్థము కాదు. చిన్నబిడ్డలకు ఈ లెక్కయు పెద్దవారికంటె ఎక్కువగా నుండును గనుక పెద్దవారి హద్దుతో పోల్చి చూడరాదు.

ఒకవేళ తల్లికి ఆ వ్యాధియే యున్నదనుకొందము. అప్పుడును కాగితమును తప్పుగా చదువవచ్చును. తల్లి ఐ.జి.జి. బిడ్డలోనికి వచ్చునని పైన చెప్పితిమి గదా. ఆ వ్యాధికి విరోధముగా తల్లిలో పుట్టినదియు అట్లే బిడ్డలోనికి వచ్చును. కాబట్టి 18 నెలలలోపు బిడ్డకు సాధారణ పరీక్ష "ఉన్నది" అని చెప్పినను, అది తల్లి గుర్తు కావచ్చును, బిడ్డ రోగము కాకపోవచ్చును. ఆరు వారముల వయస్సు మొదలుకొని చేయు వేరొక పరీక్ష క్రిమినే నేరుగా వెదకి నిజము చెప్పును. తల్లి మందులు క్రమముగా వాడినచో ఆ వ్యాధి బిడ్డకు సోకకుండ చాలవరకు ఆపవచ్చును. బిడ్డకే సోకినను, 2004వ సంవత్సరమునుండి ప్రభుత్వము ఉచితముగా నిచ్చుచున్న మందులతో పెరిగి పెద్దవారై వివాహములు చేసికొన్నవారు కలరు. 2017వ సంవత్సరపు చట్టము ప్రకారము, ఆ వ్యాధి ఉన్నదని బడినుండి గాని వైద్యమునుండి గాని ఎవరిని తరిమివేయరాదు. సమ్మతి లేక వారి సంగతి బయటపెట్టరాదు. దేశపు చట్టము మూసిన నోటిని దేవుని సంఘము తెరచుట తగునా?

దేవుని యెదుట పరచుట యనగా ఇదియే. నిందను ప్రక్కన పెట్టి, భయమును దాచక, అంకెలు అంకెలుగానే ఆయన యెదుట ఉంచుట. "ప్రభువా, ఈ అంకె తక్కువగా నున్నది, దీని అర్థము మాకు తెలియదు" అని చెప్పుట. మూర్ఛరోగియైన కుమారుని తెచ్చిన తండ్రి తన నమ్మికను అపనమ్మికను రెంటిని ప్రభువు యెదుట ఒప్పుకొనెను (మార్కు 9:24). ప్రభువు అతనిని గద్దింపలేదు. బిడ్డను స్వస్థపరచెను.

3. అడుగుట

కొందరు పరచుటతో ఆగిపోవుదురు. ప్రార్థన చేసితిమి గనుక మందు వాడుట అవిశ్వాసమందురు. స్వస్థత కూటములో సాక్ష్యము చెప్పవలెనని బిడ్డ మందు ఆపివేయుదురు. మరికొందరు ప్రార్థన ఒక చేతితోను, తాయెత్తు ఒక చేతితోను పట్టుకొందురు. హిజ్కియా చరిత్రలో తరువాతి అధ్యాయమును చదువుడి. రాజు మరణకరమైన వ్యాధితో పడియుండెను. అతడు కన్నీళ్లతో ప్రార్థించెను. దేవుడు ఆ ప్రార్థన వింటినని, పదునైదు సంవత్సరములు ఆయుష్షు ఇత్తునని చెప్పెను. ఇంత స్పష్టమైన వాగ్దానము కలిగినప్పుడు మందెందుకు? అయినను యెషయా అంజూరపండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. వాగ్దానమును దేవునిదే, అంజూరపుముద్దయు దేవునిదే. వాగ్దానము కలిగినవాడు ముద్దను తృణీకరింపలేదు.

మన గుంటూరుకు ఈ సత్యము క్రొత్తది కాదు. 1883వ సంవత్సరములో డాక్టరు అన్నా సారా కుగ్లర్ ఇక్కడికి వచ్చెను. 1898వ సంవత్సరములో స్త్రీలకొరకును పిల్లలకొరకును ఆసుపత్రి తెరవబడెను. 1930వ సంవత్సరములో మరణించు వరకు ఆమె సేవ ఇక్కడనే సాగెను. వాక్యమును మందును ఒకే చేతితో అందుకొన్న తల్లుల సంతానమే మనలో అనేకులు.

కాబట్టి అడుగుడి. వైద్యుని యెదుట చేతులు కట్టుకొని తల ఊపి బయటికి వచ్చి ఏడ్చుట కంటె, నాలుగు ప్రశ్నలు కాగితముమీద వ్రాసికొని పోవుట మేలు. ఈ కొలతలు మా బిడ్డ వయస్సువేనా? మరల పరీక్ష ఎప్పుడు? జ్వరము వచ్చినప్పుడు ఎంతసేపటిలో రావలెను? ఏ టీకాలు వేయింపవచ్చును, ఏవి వేయింపరాదు? ఈ కడపటి ప్రశ్న మిక్కిలి ముఖ్యము. పుట్టినప్పుడు వేయు బి.సి.జి., నోటిలో వేయు పోలియో చుక్కలు, రోటావైరసు చుక్కలు బలహీనపరచిన సజీవ క్రిములతో చేసినవి. అవి ఇతర బిడ్డలకు రక్షణ. లింఫోసైట్సు తీవ్రముగా లోపించిన బిడ్డకు మాత్రము అపాయము. ఇంటిలో ముందటి బిడ్డ పసితనములోనే ఇట్టి జబ్బులతో చనిపోయియుండినచో, ఆ సంగతి కాన్పు జరుగకమునుపే వైద్యునికి చెప్పుడి. దీనిని విని ఆరోగ్యముగల బిడ్డల తలిదండ్రులు టీకాలు మానవద్దు. మీ బిడ్డకు టీకా వేయించుట, టీకా పనిచేయని పొరుగు బిడ్డ చుట్టు కంచె కట్టుటయే.

పాత రిపోర్టులను పారవేయకుడి. తేదీల వరుసలో ఒక సంచిలో పెట్టుడి. ఒక అంకె ఒక దినపు సంగతి చెప్పును. పది అంకెల వరుస త్రోవను చూపును. ఖర్చునుగూర్చి ముందే కృంగిపోకుడి. 2021వ సంవత్సరపు జాతీయ అరుదైన వ్యాధుల విధానములో, మజ్జ మార్పిడితో నయమగు తీవ్రమైన రోగనిరోధక లోపములును చేర్చబడినవి. నియమింపబడిన కేంద్రముల ద్వారా సహాయము దొరకును. హైదరాబాదులోని నిజాం వైద్యసంస్థ అట్టి కేంద్రములలో చేరినది. మీ వైద్యుని, ప్రభుత్వ ఆసుపత్రివారిని అడిగి తెలిసికొనుడి.

సంఘమునకు ఒక మాట

ఒకరి భారము నొకరు మోయవలెనని పౌలు గలతీయులకు వ్రాసెను (6:2). ఐ.జి.జి. ఎక్కించుకొను బిడ్డ శరీరములో ఈ వాక్యము అక్షరాల నెరవేరుచున్నది. ముఖము తెలియని వేలమంది రక్తరసము ఆ బిడ్డను మోయుచున్నది. ఊరిలోని సంఘము అంతకంటె తక్కువ చేయరాదు. దగ్గు, జ్వరము ఉన్నవారు ఆ యింటికి ప్రార్థనకు పోకుడి. ఇంటినుండియే ప్రార్థించుడి. చేతులు కడుగుకొనకుండ బిడ్డను ఎత్తుకొని ముద్దుపెట్టకుడి. తల్లి "వద్దమ్మా" అనినచో కోపపడకుడి. ఆమె గర్వము కాదు, కావలి. ఆదివారము ఆరాధనకు రాలేని కుటుంబమును విశ్వాసము చల్లారినవారని లెక్కింపకుడి. మిరపకోతల దినములలో ఆసుపత్రికి పోవువారి కూలి పోవును. వారి కోత మీరు కోసిపెట్టుడి. రక్తమివ్వగల యౌవనస్థులు రక్తమియ్యుడి. స్త్రీల సమాజమువారు ఆ తల్లి ప్రక్కన కూర్చుండి, సలహాలు చెప్పక, ఆమె చెప్పునది వినుడి.

అందరు బిడ్డలును స్వస్థపడుదురని చెప్పుటకు మనకు అధికారము లేదు. మందు చాలని బిడ్డలు కలరు. మార్పిడి ఫలింపని బిడ్డలు కలరు. అట్టి యింటిలో "మీ విశ్వాసము చాలలేదు" అని పలుకువాడు ప్రభువు మాట పలుకుటలేదు. లాజరు సమాధియొద్ద ప్రభువు కన్నీరు విడిచెను. మనమును వారితోకూడ ఏడ్చి, తెల్లవారినప్పుడు వారి పొయ్యి ముట్టించుదము.

తలిదండ్రులారా, మీ చేతిలోని కాగితము మీ బిడ్డనుగూర్చి కొంత చెప్పును. అంతయు చెప్పదు. ఆ బిడ్డ నవ్వు ఏ ల్యాబులోను లెక్కింపబడలేదు. బిడ్డ పేరు ఏ గీతకు లోపలనో వెలుపలనో వ్రాయబడలేదు. మన తలవెండ్రుకలను లెక్కించినవాడు (మత్తయి 10:30) ఆ కణములను లెక్కించియున్నాడు. ఆయనకు తక్కువ అంకె కనబడినప్పుడు విడిచిపెట్టడు, చేయి చాపును. కనుక చదువుడి. ఆయన సన్నిధిని పరచుడి. తెలిసినవారిని అడుగుడి. తరువాత లేచి, బిడ్డకు అన్నము పెట్టుడి.

ప్రార్థన: బిడ్డలను ఒడిలోనికి తీసికొనిన ప్రభువా, అర్థముకాని కాగితములు చేతపట్టుకొని నీ యెదుట నిలిచియున్న తలిదండ్రులను చూడుము. వైద్యులకు వివేకమును, తల్లులకు నిద్రను, తండ్రులకు ధైర్యమును, మా నోళ్లకు కావలిని దయచేయుము. బలహీనమైన బిడ్డల చుట్టు మమ్మును కంచెగా నిలువబెట్టుము. ఆమేన్.